లేటప్ప తేదీలు

మదనపల్లెలో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే పాపక్క కూతురు కుసుమ. కుప్పంలో పరిశోధనకు చేరి నాలుగు నెలలే అయినా, అంతా తనకే తెలుసన్న ధీమా అప్పుడే వచ్చేసింది. ఆమె చదువంతా ఒక దూరపు గెలాక్సీ నడిబొడ్డు గురించి. అక్కడ పెద్ద కృష్ణబిలం చుట్టూ మరిగే వాయువు వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగు ఒకనాడు పెరుగుతుంది, ఒకనాడు తగ్గుతుంది. అతినీలలోహిత కాంతి ఎప్పుడు పెరిగిందో, పరారుణ కాంతి ఎప్పుడు పెరిగిందో గీతలు గీసి పోల్చడమే ఆమె పని.

టెలిస్కోపు దగ్గర రాసిపెట్టిన పాత కాగితాలు చూసి ఆ అంకెలనూ తేదీలనూ కంప్యూటరులోకి ఎక్కించేది పుంగనూరు అంకయ్య, కాంట్రాక్టు ఉద్యోగి. సోమవారాలు ఊరి నుంచి బస్సులో వచ్చేసరికి పదకొండు దాటేది. అందుకని అందరూ లేటప్ప అని పిలిచేవారు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్మురాలు కుసుమే.

రెండు కాంతులూ ఒకేసారి పెరుగుతాయని కుసుమ అనుకుంది, గీతలు గీసి చూస్తే పరారుణం డెబ్బై రోజులు వెనకబడి ఉంది. పాత కాగితాలు తిరగేసి చూద్దామన్న బుద్ధి ఆమెకు పుట్టలేదు. మీటింగులో నలుగురి ముందూ అనేసింది.

"తేదీలు కూడా లేటుగానే వేసినాడు సార్. లేటప్ప కదా!"

అందరూ ఫక్కున నవ్వారు. పరిశోధన చేయించే సారు మాత్రం నవ్వలేదు, కాంట్రాక్టు పొడిగించే సంగతి మళ్ళీ చూద్దామన్నారు.

"సూసే ఎక్కించినాను సార్" అని గొణిగి అంకయ్య తల దించుకున్నాడు.

ఆ ఆదివారం కుసుమ ఇంటికి వెళ్ళింది. తల్లి గూళ్ళు ఉడకేస్తుంటే, సాయం చేద్దామని పొయ్యిలో మంట ఎగదోసి నీళ్ళలో వేలు పెట్టింది.

"ఇంకా కాగలేదేమ్మా?"

"మంట ఇప్పుడే కదా పెంచితివి. ఆ వేడి నీళ్ళకు అందేదానికి టైం పట్టదా?" అంది పాపక్క.

కుసుమకు చటుక్కున తన గెలాక్సీ గుర్తొచ్చింది. ఆ వాయువుకు ఎంతో దూరంలో, దాని చుట్టూ దుమ్ము ఉంది. నడుమ పెరిగిన వెలుగు దుమ్ము దాకా వెళ్ళాలి, దుమ్ము వేడెక్కాలి, అప్పుడే పరారుణం పెరుగుతుంది. డెబ్బై రోజులు ఆ ప్రయాణానివే!

సోమవారం పొద్దున్నే పాత కాగితాలు ముందేసుకుంది. ఒక్క తేదీ తప్పు పోలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. అంకయ్య దగ్గరికి పరిగెత్తితే, ఎనిమిదిన్నరకే ఆయన కుర్చీలో ఉన్నాడు.

"ఇంత పొద్దున్నే వచ్చినావేం అన్నా?"

"ఈ వారం ఊరికి పోనేలేదమ్మా. ఈడనే ఉండిపోతి."

"అన్నా, నీ తేదీల్లో తప్పు లేదు. తప్పంతా నాదే."

"ఊరుకోమ్మా. సదువుకున్నోళ్ళు, మీరు ఉత్తినే అంటారా? నేనే యాడో పొరపాటు పడుంటా. అందుకే ఆ పరారుణం తేదీలన్నీ డెబ్బై దినాలు ఎనక్కి జరిపి సరిసేసినా, సూడమ్మా."

తెర మీద రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. అంకయ్య ముఖంలో వారం తర్వాత ఒక చిన్న నవ్వు కనిపించింది.

"ఇప్పుడన్నా సారుతో ఒక మాట సెప్తావామ్మా, అంకయ్య కరెక్టుగా ఎక్కించినాడని?"