కట్టుడు పళ్ళు తీసి చూపిన శెట్టిగారు

మా వీధి మొదట్లో చిల్లర అంగడి నడిపిన సుబ్బరామయ్య శెట్టిగారు మొన్న సోమవారం ఉదయం స్వర్గస్థులయ్యారు. ఆదివారం ఆయన చేతనే శనగపప్పు కట్టించుకొచ్చాను. ఆ పొట్లం ఇంకా విప్పనేలేదు, మనిషి లేడన్నారు. నాలుగో తరగతితో చదువు ఆగినదాన్ని. అయినా ఆ ధన్యజీవి గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నా మనసు ఊరుకోదు.

ఆయన కూల్‌డ్రింకులు అమ్ముతూనే వాటి కీడు చెప్పేవారు. వయసులో ఉన్నప్పుడు తక్కెడ పక్కన సీసా పెట్టుకొని పొద్దస్తమానం గుక్కగుక్కగా తాగేవారట. నలభై ఏళ్ళకే పళ్ళన్నీ పోయాయి. పిల్లలు సీసా అడిగితే తన కట్టుడు పళ్ళు తీసి అరచేతిలో పెట్టి చూపేవారు. "ఇవి మన అంగట్లో దొరకవు నాయనా, కడపకు పోవాల" అనేవారు. పిల్లలు నవ్వేవారు. కొందరు సీసా మాని వేరుశనగ కాయలు కొనుక్కొని పోయేవారు.

నేను పొదుపు మనిషిని. పెద్ద సీసా అయితే గిట్టుబాటని కొని, మా మనవరాలు హారికకు గంటకో మూతెడు చొప్పున రెండు రోజులు సర్దేదాన్ని. అది శెట్టిగారికి తెలిసింది.

"అక్కా, తాగిస్తే అన్నంతో పాటు ఒక్కసారే తాగించి, నీళ్ళతో పుక్కిలించమను. దినమంతా సప్పరిస్తాంటే పండ్లు కరిగిపోతాయి. పెద్దది వద్దు, చిన్న సీసా తీసకపో" అన్నారు.

"చిన్నదాంట్లో నీకు లాభమెక్కువ గదప్పా" అన్నాను, పదిమంది ముందు.

ఆయన ముఖం చిన్నబోయింది. ఏడాది పాటు నేను ఆ గడప తొక్కలేదు. పెద్ద సీసాలు వేరే అంగట్లో కొన్నాను.

హారికకు కొత్తగా వచ్చిన ముందరి పళ్ళు పసుపెక్కి, అంచులు పెళుసుబారి రాలాయి. చల్లనీళ్ళు తగిలినా ఏడ్చేది. ఇవి పోతే మళ్ళీ మొలిచే పళ్ళు కావని కడపలో డాక్టరు అన్నారు. ఎట్లా తాగించారో అడిగి, శెట్టిగారి మాటే మళ్ళీ చెప్పారు.

తలవంచుకొని, హారికను వెంటబెట్టుకొని శెట్టిగారి అంగడికి పోయాను. ఆయన కడవలో నుంచి గ్లాసుడు నీళ్ళు ముంచి హారికకిచ్చారు.

"పుక్కిలించు పాపా. ఉండేవన్నా కాపాడుకుందాం."

నీ మాటే నిజమని చెప్పాలనే పోయాను. ఉప్పు అడిగి వచ్చేశాను. ఆ తర్వాత కూడా పోయిన ప్రతిసారీ ఏదో ఒక సరుకే అడిగాను.

మొన్న ఆయన్ను పడుకోబెట్టినప్పుడు కట్టుడు పళ్ళు తీసేశారు. బుగ్గలు లోపలికి పోయిన ఆ ముఖం చూడలేకపోయాను. తన సరుకు తానే వద్దని హితవు చెప్పే అటువంటి ధర్మవర్తకుడు మా మైదుకూరికి మళ్ళీ దొరకడు.

ఈ వయసులోనూ నాకు పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి. ఆయన బతికుండగా ఆ ఒక్క మాట మాత్రం నా నోట రాలేదు. ఇప్పుడు రాసి ఆయన పాదాల దగ్గర పెడుతున్నాను. నువ్వు చెప్పిందే నిజం శెట్టీ.