కుడివైపు అక్షరాలు మాయమైన శుక్రవారం

రెండేళ్ల కిందటి గుడ్ ఫ్రైడే. రేపల్లె దగ్గర చెరుకుపల్లిలో మా చర్చి నిండిపోయింది. స్కూల్లో తెలుగు చెప్తానని వాక్యం చదివే పని నాకిచ్చారు. ముందురోజు సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. గుడ్ ఫ్రైడేకి ముందు నలభై రోజుల్లో ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండేదాన్ని, ప్రతిసారీ తలనొప్పి వచ్చేది. అది నా విశ్వాసానికి పరీక్ష అనుకొని ఇంకాసేపు మోకరించేదాన్ని.

రెండు వచనాలు చదివేసరికి కుడివైపు అక్షరాలు కనబడలేదు. వాటి చోట రంపపు పళ్లలాంటి వెలుగు కదులుతోంది. భయంతో తలెత్తితే ముందు బెంచీలో మా అమ్మ ముఖం సగమే ఉంది. నాలుక మొద్దుబారింది. పక్షవాతమే అనుకున్నాను.

"ఏదో దర్శనం వచ్చినట్టుందమ్మా, కదపకండి" అన్నారెవరో.

"దర్శనమేంటండి, పిల్ల పడిపోద్ది, పట్టుకోండి" అంటూ అమ్మ పరుగెత్తుకొచ్చింది.

తెనాలి తీసుకెళ్లేలోపు చూపు తిరిగొచ్చింది గానీ తల పగిలిపోతోంది. డాక్టరుగారు పరీక్షలన్నీ చేశారు, నా శుక్రవారం ఉపవాసాల గురించి అడిగి తెలుసుకున్నారు. "మైగ్రేనమ్మా. కొందరికి నొప్పికి ముందు చూపు ఇలా అవుతుంది. వెంటనే రావడం మంచిదైంది. మీకు ఖాళీ కడుపే దీన్ని రప్పిస్తోంది. వేళకి తినండి, నీళ్లు తాగండి, నిద్ర చెడగొట్టుకోకండి."

"ఉపవాసం మానితే తప్పేమోనండి" అన్నాను.

"నెలలో ఎన్ని శుక్రవారాలు తల పట్టుకున్నారో ఓసారి రాసి చూసుకోండి" అన్నారాయన.

ఇప్పుడు ఇడ్లీ తినే చర్చికి వెళ్తున్నాను. నొప్పి ఎప్పుడో గానీ రావడం లేదు. కానీ బైబిలు తెరిచాక, ముందు బెంచీలో అమ్మ ముఖం మొత్తం కనబడితే తప్ప చదవడం మొదలుపెట్టను.