జాబితాలో లేనివాడు ఎక్కకూడదు

మా తమ్ముడు సుక్రు చివరిగా చేసిన మామూలు పని, ఒక ఆధార్ కార్డుకు ఫొటో తీయడం. బోర్లించిన బకెట్ మీద కార్డు పెట్టి తీశాడు. మూలన వాడి బొటనవేలు కూడా పడింది. గోరు చుట్టూ నల్లగా ఆయిలు. ఆ ఫొటో నా ఫోన్‌కి వచ్చేసరికి సాయంత్రం అయిదు దాటింది. నేను అరకులో బడి నుంచి ఇంటికొచ్చి, పిల్లల పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. వెంటనే ఫోన్ చేశాడు.

"అప్పా, ఫొటో సూసినావా?" మా వైపు అక్కని అప్ప అంటాం. "భీమన్నది. మల్లేశు కాఫీ పళ్లు కొయ్యడానికి ఊరెల్లిపోనాడు. ఇన్సూరెన్సు జాబితాలో ఆడి పేరు తీసేసి ఈడి పేరు ఎక్కించమని బేగి మెయిలెట్టు."

"ఈ నెలలో ఎన్నోసార్రా ఇది?"

"నాలుగోసారి. ఏటి సెయ్యమంటావు? మన మనుసులు ఒకసోట ఉంటారేటి?"

"రేపు పొద్దున్న పంపుతాలే. కళ్లు లాగేస్తన్నాయి."

"సరే. మర్సిపోకు. గాలొస్తాదంట." పెట్టేయబోతూ, "తిన్నావా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "తిను మరి" అని పెట్టేశాడు.

సుక్రు పరంజా కాంట్రాక్టరు. లేస్తున్న భవనం చుట్టూ కూలీలు నిలబడటానికి పైపులు, చెక్కలు బిగించి ఇవ్వడం వాడి పని. మాది పెదబయలు మండలంలో పదిహేను గడపల ఊరు. చిన్నప్పుడు పోడు చేలల్లో కాపలా మంచెలు కట్టేవాడు. పదో తరగతి తప్పాక విశాఖపట్నం వెళ్లి ఒక మేస్త్రీ దగ్గర చేరాడు. అప్పట్లో సరుగుడు కర్రలు, కొబ్బరి తాళ్లు. కొండవాళ్లకి ఎత్తులో కళ్లు తిరగవని మేస్త్రీలు మావాళ్లని వెతికి మరీ తీసుకెళ్లేవారు. కళ్లు తిరుగుతాయి. మావాళ్లు పైకి చెప్పరు, అంతే.

ముప్పై దాటేసరికి సొంత పైపులు, తన వెనక పద్దెనిమిది మంది మనుషులు. అందరూ మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. భీమిలి దారిలో సముద్రం ఒడ్డున హోటళ్లు లేవడం మొదలయ్యాక పనంతా అటే ఉండేది. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. ప్రతి ఆదివారం క్లాంపులు విప్పించి, వాడేసిన ఇంజను ఆయిల్లో ముంచి మళ్లీ బిగించేవాడు. ఆ నలుపు వాడి చేతులకు ఎప్పటికీ పోలేదు. సముద్రం వైపు పరంజాకి పచ్చ వల కడతారు, కింద నడిచేవాళ్ల మీద పెళ్లలు పడకుండా. గాలి పెరిగితే ఆ వలే ప్రమాదం. గాలినంతా పట్టుకుని పరంజాని గోడ నుంచి ఊడలాగుతుంది. అందుకని తుఫాను హెచ్చరిక రాగానే ఎవరో ఒకరు ఎక్కి వల కోసేయాలి. ఇన్సూరెన్స్ షరతుల్లోనూ అదే రాసి ఉంటుంది.

ఒడ్డు మీద పని కావాలంటే ఇన్సూరెన్స్ ఉండాల్సిందేనని హోటలు వాళ్లు అడిగారు. అరకులో ఎరువుల కొట్టు నడిపే వీరభద్రరావు గారు ఇన్సూరెన్స్ ఏజెంటు కూడా. మొదటి ఫారం ఆయన కొట్లో బస్తాల మీద కూర్చుని నేనే నింపాను.

"సైటు సముద్రానికి ఎంత దూరమయ్యా?" అన్నారాయన.

సుక్రు ఆలోచించి, "ఉమ్మేస్తే అందులో పడతాదండి" అన్నాడు.

"అది రాయడానికి గడి లేదు. మీటర్లు చెప్పు."

పనివాళ్ల పేర్లన్నీ జాబితాగా రాసి ఇవ్వాలన్నారు. పద్దెనిమిదీ రాశాక తమ్ముడి పేరు రాయబోతే వీరభద్రరావు గారు ఆపారు. అది పనివాళ్లకేనట, యజమాని వేరే తీసుకోవాలట. "నాకెందుకండి, నాను కిందుండి కేకలేసేవోణ్ణి" అన్నాడు సుక్రు.

మా ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరి చేలోకైనా పనికి వస్తానని ఒప్పుకున్నవాడికి ఆ రోజు వేరే పని పడితే, తమ్ముణ్ణో బావమరిదినో పంపిస్తాడు. మారు మనిషి అంటాం. మాట ఇచ్చేది ఇల్లు. ఆ ఇంటి తరఫున ఎవరొచ్చినా మాట నిలబడ్డట్టే. మావాళ్లు పరంజా పనికీ అలాగే వెళ్లేవారు. ఈ వారం అన్న, వచ్చే వారం తమ్ముడు. అందులో తప్పేమైనా ఉందని సుక్రుకి తట్టలేదు. జాబితా రాసిన నాకూ తట్టలేదు.

నాలుగేళ్ల కిందట అలా మారు వచ్చిన బుధు పరంజా మీంచి పడిపోయాడు. మామూలు గాలే, మూడో అంతస్తు. నడుము నుంచి కిందికి చచ్చుబడిపోయింది. ఆసుపత్రి వరండాలో ఇన్సూరెన్స్ ఆఫీసరు కాగితాలు తిరగేసి, "ఇతని పేరు జాబితాలో లేదే" అన్నాడు.

"ఆడి బావ పేరుంది కదండి. ఆడికి మారొచ్చినాడు" అన్నాడు సుక్రు.

"బావ పడలేదు కదా?"

"ఆడు సేలో ఉన్నాడండి."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకు ఇద్దరి మాటా అర్థమైంది. వాళ్లకే ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు.

ఆ డబ్బు కోసం సుక్రు ఏడాదిన్నర తిరిగాడు. తెల్లారి ఘాట్ రోడ్డు దిగే బస్సు, ఆఫీసు మెట్లు, సంతకం చేసే మనిషి సెలవు, మళ్లీ ఘాట్ ఎక్కే బస్సు. వచ్చేటప్పుడు మా బడి దగ్గర దిగి, నా క్లాసు అయ్యేదాకా వరండా బెంచీ మీద కూర్చునేవాడు. కూర్చునే నిద్రపోయేవాడు. పిల్లలు చుట్టూ అరుస్తున్నా లేచేవాడు కాదు. చివరికి లేదనే ఉత్తరం వచ్చింది. సగం పైపులు అమ్మి బుధు ఇంటికి ఇచ్చాడు. ఊరికి వెళ్లినప్పుడల్లా బుధు దగ్గర ఒక పూట కూర్చునేవాడు. బుధు వెదురు చీలుస్తుంటే వీడు బద్దలు అందించేవాడు. "ఒక్క మాటనడప్పా ఆడు. తిట్టినా బాగున్ను" అని నాతో అన్నాడు.

అప్పటి నుంచి వాడిదొకటే పట్టు. జాబితాలో పేరు లేనివాడు పరంజా ఎక్కకూడదు. జాబితాకి ప్లాస్టిక్ తొడుగు వేయించి సైటు గేటుకి కట్టాడు. మనుషులు నవ్వేవారు.

"మేస్త్రీ, కల్లు తాగడానికీ పేరుండాలేటి?"

"ఉండాల. నీది తీయించేత్తాను."

కానీ మనుషులు మారడం మానలేదు. చోళ్లు కోతకొస్తే ఇద్దరు వెళ్లేవారు, కాఫీ పండితే నలుగురు. మారు వచ్చిన ప్రతివాడి కార్డుకీ ఫొటో తీసి నాకు పంపడం, నేను వీరభద్రరావు గారికి మెయిల్ పెట్టడం. పంపేశానని నేను చెప్పేదాకా వచ్చినవాణ్ణి కిందే ఉంచి కూలి ఇచ్చేవాడు. కొన్నాళ్లకి నాకూ విసుగు పుట్టింది. ఆ సాయంత్రం రేపు చూద్దాం అనుకున్నది ఆ విసుగుతోనే.

మర్నాడు జరిగింది నాకు భీమన్న చెప్పాడు, మూడో రోజు, మా ఊళ్లో తమ్ముడి ఇంటి అరుగు మీద. సుక్రు భార్య చిట్టి గుమ్మంలో కూర్చుని వింటోంది.

"పొద్దున్నే గాలి లేసిందప్పా. పేరున్నోలందరూ ఎనకపక్క సెక్కలు దించతన్నారు. కింద మేమిద్దరమే. వల ఊగిపోతంది. నాను ఎక్కి కోసేత్తాను మేస్త్రీ అన్నాను. నీ పేరొచ్చిందేటి అన్నాడు. రాపోతే గాలాగుతాదేటి అన్నాను. ఫోన్ తీసి సూసినాడు. మల్లీ సూసినాడు."

"నాకు చెయ్యాల్సింది కదరా" అన్నాను.

"సెయ్యమన్నాను. అప్ప బడిలో ఉంటాది, పిల్లల ముందు ఇసుక్కుంటాది అన్నాడు. నా సేతిలో కత్తి లాక్కుని ఆడే ఎక్కీనాడు."

మూడు మూలలు కోసేశాడట. నాలుగో మూల దగ్గర ఉండగా గాలి ఒక్కసారిగా తోసింది. బెల్టు పైపుకి తగిలించే ఉంది. వలతో పాటు ఆ పైపు కూడా ఊడి వచ్చేసింది. వాడు పోయేసరికి తొమ్మిదిన్నర. నేను మెయిల్ పంపింది పదకొండు పదికి, విరామంలో. పంపి, వాడికి మెసేజ్ కూడా పెట్టాను, పేరు ఎక్కించమన్నాను అని.

చిట్టి లేచి, చోడి అంబలి తెచ్చి మా ఇద్దరి ముందూ పెట్టింది.

రెండు నెలల తర్వాత మిగిలిన పైపుల్ని భీమన్నే తీసుకుని పని నడుపుతానన్నాడు. పాలసీ వాడి పేరుకి మార్చాలి. జాబితా కూడా కొత్తగా రాయాలని పద్దెనిమిది ఆధార్ నకళ్లు సంచిలో పెట్టుకుని వీరభద్రరావు గారి కొట్టుకి వెళ్లాను. ఆయన లేచి నిలబడ్డారు. కుర్చీ లాగి వేశారు. నకళ్లు చూసి, "ఇవెందుకమ్మా?" అన్నారు.

"జాబితాకండి."

"ఈ ఏడాది నుంచి జాబితా లేదు కదమ్మా. మనుషులు మారిపోతున్నారని మీ తమ్ముడు నలిగిపోతుంటే చూడలేక, రెన్యువల్లో నేనే అడిగి మార్పించాను. పద్దెనిమిది మంది అని లెక్క ఉంటే చాలు. ఎవరెక్కినా ఒకటే."

"మరి నేను పంపిన మెయిళ్లు?"

"వస్తున్నాయి. అలవాటు కొద్దీ పంపుతున్నారనుకున్నాను. కలిసినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఎరువుల సీజను కదా, వాడు ఇటు రాలేదు, నేను అటు పోలేదు. కాగితం మీకు పంపించాను, చదివే ఉంటారనుకున్నానమ్మా."

జూన్‌లో పంపారు. ఫోన్‌లోనే ఉంది. అప్పుడు మొదటి పేజీలో తారీఖులు చూసి మూసేశాను. అక్కడే కొట్లో కూర్చుని తెరిచాను. మూడో పేజీలో, పైనుంచి రెండో వరుసలో ఉంది: పనివారు పద్దెనిమిది మంది, పేర్లు అవసరం లేదు.