ఒక గడి తక్కువైన నడుము

ఒకప్పుడు మౌంట్ రోడ్డు మీద లేచిన ప్రతి హీరోయినూ నా కుంచెలోంచి దిగినదే. ఆ నలభై అడుగుల అందగత్తెల్ని చూస్తూ బస్సు డ్రైవర్లు సిగ్నల్ మరిచిపోయేవారు.

సరే, ప్రతి హీరోయినూ కాదు. ముఖాలు మా గురువుగారు వేసేవారు. సినిమా బ్యానర్ల పనిలో పద్ధతే అది: ముఖం గురువుది, మెడ కింద శిష్యులది. బస్సు డ్రైవర్ల సంగతి కూడా నేను చూసింది కాదు, ఎవరో చెప్పగా విన్నదే.

ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు గుడ్డ మీద పెద్దవిగా కొట్టేవాళ్లం. ఏ గడిలో ఏముంటే గుడ్డ మీదా అదే రావాలి, ఆడవాళ్ల నడుము తప్ప. అక్కడ ఎవరూ చెప్పకుండానే ఒక గడి తగ్గించేవాళ్లం. తగ్గించిన దాన్ని ఎక్కడ కలిపేవాళ్లమో చెప్పనక్కర్లేదు.

ఫ్లెక్సులొచ్చి మా కుంచెలు ఎండిపోయాక, ఈమధ్య మనవరాలు నా దగ్గరికొచ్చింది. బొమ్మల కాలేజీలో చదువుతోంది. రాయపురంలో ఒక పాత గోడౌన్‌లో తన మొదటి ప్రదర్శన.

“మనం చూడ్డానికి నిలబెట్టిన ఆడది కాదు తాతా, మనల్ని చూసే ఆడది కావాల. బ్యానరంత సైజులో. మన అవ్వే.”

వాళ్లవ్వ, అంటే మా ఆవిడ, మాధవరంలో పాల బూత్ నడిపిన మనిషి. పాల ట్రే బోర్లించి, మోకాళ్లు ఎడంగా పెట్టి, కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. క్యూ తప్పి ముందుకొచ్చినవాణ్ని చూసినట్టు సూటిగా చూసింది. మనవరాలు ఫొటో తీసింది. మేడ మీద గుడ్డ పరిచి ముఖం తను వేసి, మెడ కింద నాకు వదిలింది.

నా పని అయ్యాక వచ్చి చూసి, “అవ్వ నడుము యాడ తాతా?” అంది.

“ఆడే ఉంది గదా!”

“సగం లేదు. గళ్లు చూడు.”

చూశాను. ఒక గడి తక్కువ. నేను తగ్గించలేదు, చెయ్యే తగ్గించింది.

“అందంగా ఉంది గదా పాపా, వదిలెయ్యి.”

“వదిలేస్తే నా షో మొత్తం వేస్టు. ముఖం అవ్వది, ఒళ్లు ఇంకెవురిదో! ఇదేందని అడగడానికే గదా నేను ఇదంతా చేస్తా ఉండేది?” కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. చేతిలో ఒక్క రోజే ఉంది.

అంతే, కిరసనాయిలు గుడ్డ తీసుకుని నడుమంతా తుడిచేశాను. మడతలతో సహా మళ్లీ వేశాను. అంత వయసొచ్చినా మడత వేయడం నాకదే మొదటిసారి.

గోడౌన్‌లో బ్యానర్ ఎత్తారు. బొమ్మ చూడ్డానికొచ్చినవాళ్లు, బొమ్మే తమను చూస్తోందని తెలిసి కాస్త సర్దుకుని నిలబడ్డారు. ఒకాయన చొక్కా కిందికి లాక్కున్నాడు. మనవరాలు నవ్వుతూ తిరుగుతుంటే నాకు కడుపు నిండింది. ఎవరో అమ్మాయి అడిగితే, ఆ నడుమును నేనెలా తుడిచి మళ్లీ వేశానో ఆమెకూ చెప్పాను.

పక్కనే ఉన్న మా ఆవిడ వినేసింది.

“యాడిదయ్యా ఈ కథ? పాప తుడస్తానంటే కుంచెలు దాచిపెట్టినావు. ఇంత నడుమేస్తే నా చేతికి పేరు పోతాదని గోల చేసినావు. నేను నాలుగు తిడితే గదా కుంచెలు బయటికి తెచ్చింది? తుడిచిందీ పాపే, వేసిందీ పాపే. ఆ పూట నువ్వు వేసింది పాల ట్రే ఒక్కటే. అదీ వంకర.”