పిన్నీసు దిగిన దారి

మా పాప పిన్నీసు మింగిందన్న కబురు నాకు మొదట చెప్పింది పక్కింటి కిరాణా కొట్టు వారి కోడలు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆవిడ గోడ మీదుగా తొంగిచూసి, "అక్కా, కంగారుపడకు. మీ పాప పిన్నీసు మింగిందట. తనే వచ్చి చెప్పింది. నవ్వుతూనే ఉందిలే," అంది.

లంగాకి బొందు ఎక్కించడానికి తీసిన పిన్నీసు అది. పాపకి నాలుగేళ్లు. ఎక్స్‌రే కోసం బెజవాడ బస్సెక్కాం. అక్కడి డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకి పెట్టి చూసింది.

"అదృష్టం, మూసే ఉంది. పొట్టలోకి దిగింది. ఇంటికి తీసుకెళ్లి మామూలుగా అన్నం పెట్టండి, దొడ్డికి వెళ్లినప్పుడు వచ్చేస్తుంది. నొప్పన్నా, వాంతులైనా వెంటనే తీసుకురండి. లోపలే ఆగిపోతే మాత్రం కోయాల్సి వస్తుంది."

నేను బడికి వెళ్లలేదు. అక్షరాలూ లెక్కలూ ప్రార్థనలూ మా నాన్న ఇంట్లోనే నేర్పారు. కడుపులో ఏముంటుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. అదొక కుండ అనుకునేదాన్ని.

"కుండలో పడింది కిందినుంచి ఎలా వస్తుందండీ?" అన్నాను.

"లంగాకి బొందు ఎలా ఎక్కిస్తావమ్మా?"

"పిన్నీసుకి గుచ్చి, వెనక గుడ్డ ముడతలు పెట్టి, ముందుకి తోసుకుంటూ పోతానండి."

"పేగులూ అంతే. వెనక బిగుసుకుంటాయి, ముందు వదులవుతాయి. పొట్ట అన్నాన్ని జావలా చేసి పంపిస్తే, చిన్నపేగు సారం తీసుకుంటుంది, పెద్దపేగు నీరు పీల్చుకుంటుంది. మిగిలింది బయటికి."

"పడుకుంటే వెనక్కి వచ్చెయ్యదా?"

"రాదు. పిల్లని పడుకోనివ్వు."

తిరుగు బస్సులో పాప నా ఒళ్లో పడుకుంది. మైలవరం వచ్చింది, ఎ.కొండూరు వచ్చింది. లోపలిది ఎంతదాకా వచ్చిందో తెలియదు. చిన్నపేగు ముందా, పెద్దపేగు ముందా అన్నది అప్పుడే మర్చిపోయాను.

ఇంటికి వచ్చేసరికి పొయ్యిలో నీళ్లు చల్లి ఉన్నాయి. ఆపద వస్తే మా అత్తగారు ఇంటిల్లిపాదికీ ప్రార్థన, ఉపవాసం పెట్టేవారు. పాలు తాగే పిల్లలు తప్ప అందరూ ఉండాల్సిందే.

"పాపకి అన్నం పెట్టమన్నారండీ," అన్నాను.

"ఎవరి కోసం ఉంటున్నామో ఆ పిల్లే తింటే ఇంకెందుకు? డాక్టరమ్మ పెద్దదా, దేవుడు పెద్దా?"

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆవిడ ఉపవాసంతోనే లేచానని నా నమ్మకం. పెడితే ప్రార్థన తప్పినట్టు, పెట్టకపోతే పిల్లకి కోత రాసినట్టు. పాపేమో ఆకలని నా కొంగు లాగుతోంది.

గోడవతల నుంచి కొట్టు వారి కోడలు, "పిన్నిగారూ, మీరు పొయ్యి వెలిగించకండి. మా పొయ్యి మీద వండి పంపిస్తాను. అది ఉపవాసం లేదుగా," అంది.

"నీ తెలివి కొట్లో పెట్టి అమ్ముకోవే," అన్నారు అత్తగారు. నావైపు తిరిగి, "ఆ పేగుల సంగతి ఏంటో మళ్లీ చెప్పు," అన్నారు.

చెప్పాను. పెద్దపేగు, చిన్నపేగు తారుమారు చేశాను. నోటితో కుదరక లంగా తెచ్చి, ముడతలు తోసి చూపించాను. ఆవిడ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, బొందు దూరే నేఫాని వేళ్లతో నొక్కుకుంటూ చాలాసేపు కూర్చున్నారు.

"అయితే వెనక అన్నం లేకపోతే ముందుకి పోదంటావు."

"అట్లాగే అనుకుంటున్నానండీ. నాకూ సరిగ్గా తెలియదు."

ఆవిడే లేచి పొయ్యి వెలిగించారు. పప్పన్నం మెత్తగా కలిపి ముద్దలు చేశారు.

"నాయనమ్మా, నువ్వు తినవా?" అంది పాప.

"నీ వంతు నేనుంటున్నాను. నోరు తెరువు."

పిన్నీసు బయటపడేదాకా ఆవిడ మంచినీళ్లతోనే ఉన్నారు. పాపకి మాత్రం ప్రతి పూటా తన చేత్తోనే తినిపించారు. పాప దొడ్డికి కూర్చున్నప్పుడల్లా పుల్ల తీసుకుని ఆవిడే వెతికేవారు, నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఒక ఉదయం, "వచ్చింది," అన్న మాట వినబడింది. వెళ్లి చూస్తే ఆ పుల్ల పట్టుకునే, మట్టిలో మోకరించి ఉన్నారు.

దాన్ని తోసింది అన్నమో, ఆవిడ ఆకలో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండింటికీ కలిపే స్తోత్రం చెప్పుకుంటున్నాను. ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లి చాలా కాలమైంది. ఇది చదివినవారు ఈ పూట అన్నం ముందు కూర్చున్నప్పుడు, మొదటి ముద్దకి ముందు మా అత్తగారిని ఒక్కసారి తలుచుకోండి.