ఫైనల్ రోజు తిండి ఎవరింట

మా బంటింగ్ ఊరి లైబ్రరీలో, ఆటల పుస్తకాల అరలో అన్నిటికంటే కింది వరసలో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంగ్లాండు ఉత్తరాన జరిగిన రగ్బీ లీగ్ కప్పు పోటీల గురించి. అట్ట ఊడిపోయే స్థితిలో ఉంది కాబట్టి ఇంటికి ఇవ్వరు. అక్కడే కూర్చుని చదవాలి. నాకు అదే మేలు. ఇంట్లో ఏముంది కనక.

ఆరో తరగతితో నా బడి ఆగిపోయింది. ఇంగ్లీషు నాకు ఈ లైబ్రరీయే నేర్పింది, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం. ఆ గర్వం నాకుంది, దాచుకోను. రగ్బీ అంటే ఒకటే ఆట అనుకుంటారు చాలామంది. రెండున్నాయి. పదిహేనుమంది ఆడేది యూనియన్, పదముగ్గురు ఆడేది లీగ్. ఆట కోసం మానుకున్న పనికి కూలి ఎవరిస్తారన్న తగాదాలో గనుల ఊళ్ళూ మిల్లుల ఊళ్ళూ విడిపోయి లీగ్ పెట్టుకున్నాయి. ఇది నాకెవరూ చెప్పలేదు. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి వెళ్ళి తెలుసుకున్నాను.

తెలుసుకున్నది చెప్పుకోవడానికి నాకున్నది ఒక్క మనిషి. నా భార్య అన్నగారు. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఎనభై దాటాయి ఆయనకి, చూపు పోయింది. మా పక్కిళ్ళవాళ్ళది తమిళం, బజారుది మలాయి. నా భార్య పోయాక నా నోటి నుంచి తెలుగు వచ్చేది ఆదివారం నాడు, బావ ఇంటి వరండాలో మాత్రమే. మిగతా రోజుల్లో ఆ భాషలో నేను దగ్గను కూడా దగ్గనని ఒకసారి అంటే ఆయన చాలాసేపు నవ్వాడు.

ఆ పుస్తకం సంగతి చెప్పిన మొదటి ఆదివారమే బావ నన్ను ప్రశ్నలతో పట్టుకున్నాడు.

"పదముగ్గురా? మిగతా ఇద్దరూ ఏటయినారు?"

"డబ్బుకాడ తగువొచ్చి ఇడిపోనారు బావా."

"అయితే అచ్చం మన తెలుగు సంగమే లా." మాట చివర ఆ మలాయి 'లా' ఇక్కడ మా అందరికీ అలవాటే.

బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, వెనకవాడికే అందించాలి, అన్నాను.

"ముందుకెల్లాలంటే ఎనక్కి ఇసరాలా? ఈ ఆట మా ఎస్టేటు మేనేజరు కనిపెట్టుంటాడు."

పుస్తకంలో ఒక సీజన్ ఎంచుకున్నాం. నియమం ఆయనే పెట్టాడు. శనివారం నేను లైబ్రరీలో ఒక్క రౌండు మాత్రమే చదవాలి, ఆదివారం వచ్చి చెప్పాలి. ముందు పేజీలు తిప్పకూడదు. బొగ్గు గనుల ఊరి జట్టు ఆయన తీసుకున్నాడు. "నల్లగా ఉంటారు, మనోల్లే" అన్నాడు. ప్రతి రౌండులోనూ వాళ్ళ ఎదురు జట్టు నాది.

పందెం మాత్రం మా ఎస్టేటు పద్ధతి. బావ కుర్రతనంలో రబ్బరు ఎస్టేట్ల మధ్య ఫుట్‌బాల్ కప్పు జరిగేది. ఓడితే ఇంటికే. అయితే ఓడినవాళ్ళు ఆకలితో నడిచి వెళ్ళకూడదు. గెలిచిన ఎస్టేటు కూలీల లైను ఇళ్ళలో ఆ సాయంత్రం వాళ్ళకి భోజనం. గెలిచిన కెప్టెన్ ఓడిన కెప్టెన్ ఆకు ముందు నిలబడి వడ్డించాలి. కూర బాగోలేదని తిట్టే హక్కు ఓడినవాడిది. గెలుపు గొప్ప ఆ తిట్లతో సగం దిగిపోయేదట.

మొదటి రౌండులో బొగ్గు ఊరు మిల్లు ఊరి మైదానంలో ఓడిపోయింది. ఆ ఆదివారం వార్త చెప్తే బావ తల వంచుకున్నాడు. తర్వాత లేచి, "పద, తిండి పెట్టు" అన్నాడు. మోటారుసైకిలు మీద నా నడుం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నా భార్య పోయాక ఆ పొయ్యి మీద ఇద్దరికి వండటం అదే మొదలు. చేపల పులుసులో ఉప్పు ఎక్కువైంది.

"మా సెల్లి సూసుంటే ఈ గరిటితోనే నిన్ను కొట్టును" అని రెండోసారి పెట్టించుకున్నాడు.

మా కప్పు అయిపోయిందనే అనుకున్నాం ఇద్దరం. అయినా ఊరుకోలేక మరుసటి శనివారం నేను పేజీ తిప్పాను. బొగ్గు ఊరు మళ్ళీ ఉంది! ఆ రోజుల్లో అక్కడ మొదటి రౌండు రెండాటలు. ఒకటి వాళ్ళ ఊళ్ళో, ఒకటి వీళ్ళ ఊళ్ళో, రెండిటి పాయింట్లూ కలిపి చూస్తారు. సొంత మైదానంలో బొగ్గు ఊరు మిల్లు ఊరిని బురదలో పూడ్చిపెట్టి పైకి వెళ్ళింది. ఇంగ్లీషులో అది స్పష్టంగానే రాసి ఉంది. కప్పు అంటే ఓడితే ఇంటికే అని చిన్నప్పటి నుంచీ విన్న చెవులు నావి, అందుకని కళ్ళు ఆ వాక్యం మీద ఆగలేదు.

"అంటే నాను దొంగ తిండి తిన్నానేటి!" అని బావ తొడ చరుచుకున్నాడు. "రా బావా, ఈ తూరి నా ఇంట. నానే వడ్డిస్తాను." చూపు లేని మనిషి గరిటె పట్టుకుని నా పళ్ళెం ఎక్కడుందో తడిమి తడిమి వడ్డించాడు. చారు సగం బల్ల మీద పడింది. తిట్టే హక్కు నాదని గుర్తుచేసి తిట్టించుకున్నాడు.

అలా ఇంకో రెండు రౌండ్లు దాటాం. రెండూ ఆయనే గెలిచాడు, రెండూ ఆయనింటే తిన్నాను. సెమీఫైనల్ కూడా ఆయనే గెలిచిన నాడు ఆయన కొడుకు పని నుంచి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా మా పక్కన కూర్చున్నాడు.

"మామా, ఫ్యాక్టరీ నన్ను జొహోర్ ఎల్లమంటంది. నాన్ననీ తీసుకెల్తన్నాం. అక్కడ ఫ్లాట్ దొరికింది, లిఫ్ట్ ఉంది."

మంచి కుర్రాడు. నన్నూ రమ్మన్నాడు, కానీ ఎప్పుడు రావాలో చెప్పలేదు. జొహోర్ దేశానికి దక్షిణపు కొస, అక్కడిది రెండు గదుల ఇల్లు, కోడలు వేరే భాష పిల్ల. బావని చూడ్డానికి వచ్చానని సంచీ పట్టుకుని ఊరికే వెళ్ళి గుమ్మంలో నిలబడటం నాకు చేతకాదు. ఒక పని ఉండాలి. ఒక పిలుపు ఉండాలి.

సామాను లారీ ఎక్కుతుంటే బావ నా చెయ్యి వదల్లేదు.

"ఫైనల్ సదువు. ఫోన్లో మేచ్ సెప్పకు, నాకు సరిగ్గా వినపడదు. తిండి ఎవులింటో ఒకటే సెప్పు."

ఆ మాట విన్నాక నాకు దారి కనపడింది. ఫైనల్లో ఆయన బొగ్గు ఊరికి ఎదురు ఓడరేవు పట్నం. అది నా జట్టు. బొగ్గు ఊరు గెలిస్తే తిండి ఆయనింట. అప్పుడు నేను జొహోర్ వెళ్ళేది చుట్టంలా కాదు, ఓడినవాడిగా. హక్కుగా వెళ్తాను. అక్కడ కూర్చుని, ఆయన వడ్డించిన కూరని తిడుతూ, ఫైనల్ మొత్తం మొదటి తన్ను నుంచి చెప్తాను.

అందుకని ఆ శనివారం లైబ్రరీలో కూర్చుని, నా జట్టు ఓడిపోవాలని కోరుకుంటూ చదివాను. ఎప్పుడో ముగిసిన ఆట. ఆడినవాళ్ళలో బతికున్నవాళ్ళు ఉంటే వింతే. అయినా వాక్యం వాక్యానికీ వేలు పెట్టి చదివాను. వాన పడుతోందని రాసి ఉంది. సగం ఆటకి బొగ్గు ఊరు ముందుంది. నేను లేచి నీళ్ళు తాగి వచ్చాను. కౌంటర్ దగ్గర అమ్మాయి, "పాక్చిక్, బాగున్నారా?" అని అడిగింది మలాయిలో, బాబాయిని పిలిచినట్టు. బాగున్నానన్నాను. రోజు మొత్తంలో నేను మాట్లాడిన మాట అదే.

తిరిగొచ్చి కూర్చున్నాక ఓడరేవువాళ్ళు కమ్ముకున్నారు. చివర్లో బొగ్గు ఊరివాడు తన్నిన బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోయింది. రెండుసార్లు చదివాను. నిఘంటువులో స్తంభం అన్న మాట కూడా చూశాను, తెలిసిన మాటే అయినా. నా జట్టు గెలిచింది.

ఆదివారం ఫోను చేశాను. బావ మనవరాలు ఎత్తింది. తెలుగు అర్థమవుతుంది ఆ పిల్లకి, మాట్లాడటం కొద్దిగా.

"తాతా, కువాట్-కువాట్ మాట్లాడండి లా, గట్టిగా, ఈయనకి వినపడదు" అని ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

"బావా! సదివినావా?"

"సదివినాను."

"మేచ్ సెప్పకు. తిండి ఎవులింట?"

ఆయనింట అని చెప్పవచ్చు. ఆ పుస్తకం జొహోర్‌లో ఎవరి దగ్గరుంటుంది? కానీ బొగ్గు ఊరు గెలిచిందని చెప్తే ఆయన గెలిచినవాడిలా వడ్డిస్తాడు. ఆ చూపు లేని చేతులతో నా పళ్ళెం తడుముతాడు. ఆ కూరని నేను తిట్టలేను.

"మా ఇంట, బావా."

అవతల టీవీలో ఎవరో నవ్వుతున్నారు. ఎవరో దాన్ని తగ్గించారు.

"అంటే నానే రావాల."

"అవును."

"శానా దూరం లా."

"దూరమే బావా."

"మొదటి తూరీ ఇలాగే సెప్పినావు నువ్వు. తరవాత సూస్తే ఇంకో ఆట ఉంది. సరిగ్గా సూసినావేటి?"

ఫైనల్ ఒక్కటే ఆట. రెండు జట్లదీ కాని మైదానంలో, ఒక్కసారి. ఆ సంగతి ఆ పుస్తకం మొదట్లోనే ఉంది, నేను చదివాను.

"ఫైనల్‌కి ఒక్కటే బావా."

"మల్లీ సూడు."

"సూస్తాను."

మర్నాడు సోమవారం, లైబ్రరీకి సెలవు. మంగళవారం తలుపు తీసే వేళకి వెళ్ళి, ఫైనల్ తర్వాతి పేజీ కూడా తిప్పి చూశాను.