మస్తాను మామ గోటి మీది రంగు

ఒక చిన్న మాటను తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. పడుకున్నా లేచినా అది నాతోనే ఉంటుంది. అన్నం కలిపి పాపకు ముద్ద పెడుతున్నప్పుడు హఠాత్తుగా గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలనేమోనని కూర్చున్నాను. పాప ఇప్పుడే నిద్రపోయింది. లేచేలోపు రాసెయ్యాలి. పేర్లు మార్చాను. ఇంకేమీ మార్చలేదు.

మా నాన్నకు నరసరావుపేటలో లారీలకు రంగులేసే షెడ్డు ఉండేది. ఇప్పటికీ ఉంది. అందులో రంగు కలిపే మనిషి మస్తాను మామ. మాకు చుట్టమేమీ కాదు, నాన్న ఆయన్ను బావా అనేవాడు కాబట్టి నాకు మామ. డబ్బా మీద రాసిన పేరు ఆయన ఎప్పుడూ చదవలేదు, చదవడం రాదు కూడా. పాత లారీ తలుపు మీద వెలిసిపోయిన రంగుకు కొత్త రంగు జత కలపాలంటే పల్నాడులో ఆయన తర్వాతే ఎవరైనా అనేవాళ్ళు. మాచర్ల నుంచి కూడా బళ్ళు వచ్చేవి.

ఆయనకొక అలవాటుండేది. రంగు కలిపాక పుల్లతో ఒక చుక్క తీసి ఎడమచేతి బొటనవేలి గోటి మీద పెట్టుకునేవాడు. షెడ్డు బయటికి వచ్చి గోరును ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసుకునేవాడు. చుక్క ఆరేదాకా నిలబడేవాడు. తడి రంగు అబద్ధం చెబుతుంది, ఆరిన రంగే నిజం అనేవాడు. ఆయన గోరు చూస్తే ఆ పూట షెడ్డులో ఏ బండికి ఏ రంగో తెలిసిపోయేది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూనే ముందు ఆ గోరు చూసేదాన్ని.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా నాదెండ్ల నుంచి ఒకతను గిటారు తీసుకుని వచ్చాడు. ప్రైవేటు బడిలో పంతులు, ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు. చెక్క గిటారు, తేనె రంగులో నున్నగా ఉంది. దానికి నెమలికంఠం రంగు వెయ్యమన్నాడు. అందరి గిటార్లూ చెక్క రంగే, లేకపోతే నలుపు, తనది చివరి వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా కనపడాలని చెప్పాడు. నాన్న నవ్వి, వెనకాల హారన్ కొట్టమని కూడా రాయమంటావా అని అడిగాడు. మామ నవ్వలేదు. గిటారును ఒళ్ళో పెట్టుకుని వేలి కణుపుతో పొట్ట మీద తట్టి చెవి ఆనించి విన్నాడు. లారీకి పట్టించినట్టు లప్పం పట్టిస్తే దీని గొంతు పూడుకుపోతుందని, పలచగా ఒకే పూత వెయ్యాలని ఆయనే తేల్చాడు. గిటారు ముట్టుకోవడం ఆయనకదే మొదలు. ఎలా తెలిసిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

శుక్రవారం పొద్దున ఆయన నెమలికంఠం కలిపాడు. గోటి మీద ఆ చుక్క చూశాను. నీలమూ కాదు, పచ్చా కాదు, చెయ్యి కదిలితే లోపలెక్కడో మెరుపు కదిలినట్టుండేది. మధ్యాహ్నం నాన్నా మామా జుమ్మా నమాజుకు వెళ్ళారు. సెలవులకు ఇంట్లో ఉన్నాను కాబట్టి షెడ్డుకు నన్ను కాపలా పెట్టారు.

ఎందుకు చేశాను? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. ఫోనులో రంగురంగుల గిటార్లు చూసిన పిల్లను. చదువుకున్నదాన్ని. ఆ రంగులో ఇంకాస్త వెలుగుంటే బాగుంటుందనిపించింది. లారీల ముందుభాగానికి వేసే పసుపు డబ్బా పక్కనే ఉంది. కొంచెం పోశాను. రంగు ఒక్కసారిగా చిలకపచ్చ అయి కూర్చుంది. వెనక్కి తేవాలని, ఎరుపు పడితే పచ్చ అణుగుతుందని ఎక్కడో చదివిన జ్ఞాపకంతో, ఛాసిస్‌కు పూసే రెడాక్సైడు ఒక గరిటె పోశాను. ఆ తర్వాత నీలం. కలిపీ కలిపీ చెయ్యి నొప్పి పుట్టింది. చివరికి తడి మీద చూస్తే పొద్దున ఉన్నట్టే ఉందనిపించింది. అనిపించిందో, అనిపించాలని కోరుకున్నానో. అప్పుడు కూడా మామ మాట గుర్తు రాలేదా? వచ్చింది. తడి రంగు అబద్ధం చెబుతుందని నాకు తెలుసు.

వాళ్ళు వచ్చేసరికి కరెంటు లేదు. కంప్రెసర్ నడవదు కాబట్టి సాయంత్రం దాకా ఆగారు. కరెంటు వచ్చేటప్పటికి పొద్దు వాలింది. మామ గిటారు మధ్య గుండ్రటి రంధ్రానికి కాగితం అంటించి, బల్బు వెలుతుర్లో రంగు చిమ్మే గన్ను పట్టాడు. రెండు చారలు కొట్టి ఆగాడు. డబ్బాలోకి చూశాడు. గిటారును చూశాడు. పొద్దుటి చుక్క గోటి మీద ఇంకా ఉందేమోనని చూసుకున్నాడు. నమాజుకు ముందు తిన్నరుతో కడుక్కున్నాడు కదా, గోరు శుభ్రంగా ఉంది.

నేను గుమ్మంలో ఉన్నాను. నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, రంగు మారినట్టు కనపడతందే నాకు. చూడు."

"లేదు మామా. పొద్దున ఉన్నట్టే ఉంది."

"మారలేదంటావా?"

"లేదు మామా."

"అట్నా. అయితే నా కళ్ళే."

అంతే. గన్ను ఎత్తి మిగతాది కొట్టేశాడు.

రెండుసార్లు అడిగాడు. మొదటి 'లేదు' భయంతో అన్నాననుకుందాం. రెండోది? అప్పటికి ఆలోచించుకునే వ్యవధి ఉంది. ఆయన ముఖం నాకు కనపడుతూనే ఉంది. నలభయ్యేళ్ళ తన చూపును ఒక చేతిలో, నా మాటను ఇంకో చేతిలో పట్టుకుని, నన్ను నమ్మి తన చూపును కింద పెట్టేశాడు.

శనివారం పొద్దున గిటారును ఎండలోకి తెచ్చారు. ఎండిన చెరువు అడుగున పాచి ఎలా ఉంటుందో అలా ఉంది. పక్కకు తిప్పితే తుప్పు రంగు. నాదెండ్ల అతను ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు, వాళ్ళూ చర్చిలో వాయించేవాళ్ళే. ఒకడు ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండోవాడు, ఒరేయ్ ఇది బావిలో పడితే తీశారా ఏంది అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి వాడూ తల దించుకున్నాడు. పంతులు తీగలు బిగించి, కళ్ళు మూసుకుని వాయించాడు. గొంతు పూడలేదు. ఇంకా బాగుందని ముఖం చెబుతోంది. తర్వాత కళ్ళు తెరిచాడు. చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ వేయిస్తానని నాన్న బతిమాలాడు. ఇంకో పూత పడితే మోగదని మామే మెల్లగా చెప్పాడు. పంతులు గిటారుకు దుప్పటి చుట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఆదివారం.

నాన్న చెడ్డవాడు కాదు. అవమానంతో అన్నాడు.

"కళ్ళు పోయినయ్యా బావా నీకు? చెప్పొచ్చుగా, ఇంకొకణ్ణి పెట్టుకునేవాణ్ణి."

మామ నా వైపు చూడలేదు. నా పేరు ఎత్తలేదు. అమ్మాయి కూడా బాగుందని చెప్పిందని అనొచ్చు కదా? అనలేదు. నిజమేరా, కనపడటంలా అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నా చేతిలో టీ గ్లాసులు ఉన్నాయి. ఒక్క మాట చాలు. గ్లాసులు లోపలికి తీసుకెళ్ళి కడిగాను.

ఆ నెలలోనే ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. చూపు బాగుంది, రంగులన్నీ సరిగ్గానే చెబుతున్నావు, దగ్గరి వస్తువులకు అద్దాలు చాలు అన్నాడట డాక్టరు. ఈ సంగతి మామే మా ఇంట్లో చెప్పాడు. డాక్టరు మంచివాడు, ముసలోడని జాలిపడి అట్టా అన్నాడు అని కూడా చెప్పాడు. చదువుకున్న డాక్టరు పరీక్ష చేసి చెప్పినదాన్ని ఆయన నమ్మలేదు. నేనన్న 'లేదు'ను నమ్మాడు.

తర్వాత ఆయన రంగు కలపలేదు. కొన్నాళ్ళు తుప్పు గీకాడు. ఆ పని కూడా మానేసి, మిరపకాయల కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. గోరు తెల్లగా అయిపోయింది. మా పెళ్ళిలో ఆయన దువాకు చేతులెత్తితే నేను చూసింది ఆ గోరే.

ఇక్కడితో ఆగితే ఈ కాగితం రాసేదాన్ని కాదేమో. పాతబడిన తప్పుతో బతకడం మనిషికి అలవాటవుతుంది. పోయిన వారం జరిగింది వేరు.

పాపతో పుట్టింటికి వచ్చాను. పాపకు మూడేళ్ళు. ఆకుపచ్చను నీలం అంటోంది. ఈ వయసులో మామూలేనని డాక్టరు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రోజుకు పదిసార్లు క్రేయాన్లు ముందు పెట్టి అడుగుతున్నాను. ఇది నాకు శిక్షేమో అన్న ఆలోచన వస్తే దులుపుకుంటాను, మళ్ళీ వస్తుంది.

అప్పుడు షెడ్డుకు గుంటూరు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు గిటార్లతో వచ్చారు. ఫోను తీసి ఒక వీడియో చూపించారు. ఎత్తిపోతల జలపాతం దగ్గర రాతి మీద కూర్చుని నాదెండ్ల పంతులు పాడుతున్నాడు. ఒళ్ళో అదే గిటారు. తొమ్మిదేళ్ళయినా ఆ పాచి రంగు మారలేదు, కానీ ఆ రాళ్ళ మధ్య వెనకాల నీటిలోంచి తీసి చెక్కినట్టుంది. ఇది ఏ కంపెనీ రంగు, ఎక్కడ వేయించావు అని గిటారు వాయించేవాళ్ళు రాసిన మాటలే కింద అంతా. మాకూ అదే కావాలి, పంతులే ఇక్కడికి పంపాడు అన్నారు ఆ కుర్రాళ్ళు. నాన్న సంబరంగా మామకు కబురు పెట్టాడు.

మామ వచ్చాడు. కళ్ళద్దాలతో, వంగిపోయి. నా చేతిలో పాప ఉంది. మూడు డబ్బాలు కలిపాడు. మూడూ చక్కటి నెమలికంఠాలే. ఆయన చెయ్యి ఏమీ మరిచిపోలేదు. వాళ్ళు ఫోను పక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపారు. అప్పుడు ఎట్టా కలిపావు తాతా అని ఒకడు అడిగాడు. నాకు తెలవదయ్యా అన్నాడు మామ. ఆయన ముఖంలో సిగ్గు చూశాను. తన పేరుతో పొగుడుతున్న రంగును తాను కలపలేకపోతున్నందుకు సిగ్గు.

తట్టుకోలేకపోయాను. నోరు జారింది.

"కొంచెం పసుపు పొయ్యి మామా. తర్వాత ఒక గరిటె రెడాక్సైడు. ఆ తర్వాతే నీలం."

నెమలికంఠంలో రెడాక్సైడు ఎవరూ పొయ్యరు. ఈ పనిలో ఉన్న ఏ మనిషీ పొయ్యడు. మామ నా వైపు ఒక క్షణం చూసి, చెప్పినట్టే పోశాడు. పుల్లతో చుక్క తీసి బొటనవేలి గోటి మీద పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ గోటి మీద రంగు. ఎండలోకి వెళ్ళి ఆరేదాకా నిలబడ్డాడు. ఆ నిలబడటం ఎంతసేపో నేను చెప్పలేను. వచ్చి ఫోను పక్కన గోరు ఆనించాడు. అదే రంగు.

"నీకెట్టా తెలుసు అమ్మాయ్?"

ఇంతకంటే బార్లా తలుపు తెరిచి నన్ను ఎవరూ పిలవలేరు. నోరు తెరిచాను. ఏమన్నానో వినండి. ఊరికే తోచింది మామా అన్నాను.

మూడో అబద్ధం. దీన్ని పంతొమ్మిదేళ్ళ పిల్ల ఆడలేదు. ఒక తల్లి ఆడింది, బిడ్డను ఎత్తుకుని.

మామ వచ్చి పాప తల మీద చెయ్యి పెట్టాడు. ఆరిన గోరు పాప నుదుటికి దగ్గరగా ఉంది.

"నీ కళ్ళు రావాల తల్లీ ఈ పిల్లకి. నీయి చానా మంచి కళ్ళు."

తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? వారం రోజులుగా ఇదే. తెలిసి అంటే అంత మెత్తగా ఎలా అనగలిగాడు? తెలియక అంటే, ఇప్పటికీ తన కళ్ళు పోయాయనే అనుకుంటున్నాడు. ఈ రెండిట్లో ఏది నిజమైనా నాకు నిద్ర లేదు. ఆయన మాత్రం గోరు తుడుచుకోకుండానే కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయనకు చదవడం రాదు. ఇది ఆయనకు చేరదు. చేరకూడని చోట రాస్తున్నానని, అందుకే ఇంత ధైర్యమని మీరనుకుంటే కాదనలేను. రేపు గేటు దగ్గరికి వెళ్తానని మాట కూడా ఇవ్వను. నా మాట విలువ ఎంతో మీకిప్పుడు తెలుసు. ఆయన ఆ సాయంత్రం రెండుసార్లు అడిగిన దానికి జవాబు మాత్రం ఒక్కసారైనా నా చేతులతో రాయాలి.

మారింది మామా. నేనే మార్చాను. నువ్వు చూసిందే నిజం.